రింగులా, బోరా, అమ్మకమా: పొగ కొట్టే ఇంజిన్‌తో 37 గంటల డైరీ

బండి వివరాలు ముందు. 4 సిలిండర్ల 1.2 లీటర్ల పెట్రోల్ ఇంజిన్, సిలిండర్ బోరు (పిస్టన్ కదిలే గుండ్రటి కన్నం వ్యాసం) కొత్తలో 72.00 మి.మీ., తిరిగింది 1,84,000 కి.మీ. ఆయిల్ తాగుతోంది, ఎత్తు ఎక్కేటప్పుడు వెనక నీలి పొగ, పికప్ బాగా తగ్గింది. చూసిన ప్రతివాళ్లూ ఒకటే మాట: "ఇంజిన్ బోరుకొచ్చింది." అంటే సిలిండర్లు అరిగాయి, కోసి పెద్దవి చేసే బోరింగ్ పని చేయించాలని. కావచ్చు. కానీ ఏ సిలిండర్, ఎంత, ఏ పనితో ఆగుతుంది అని అడిగితే ఎవరూ అంకె చెప్పలేదు. ఆ అంకెల కోసమే ఇదంతా.

డబ్బు లెక్కను పాళ్లలో రాస్తున్నాను, ఎవరి బండికైనా సరిపోయేలా. మంచి ఇంజిన్ ఉంటే ఈ కారుకు వచ్చే ధర 100 పాళ్లు. పొగ సంగతి చెప్పి ఉన్నది ఉన్నట్టు అమ్మితే 60. ఇంజిన్ పని చేయించిన బండి 100కి పోదు, కొనేవాళ్లకు విప్పిన ఇంజిన్ అంటే అనుమానం, 90 వస్తే గొప్ప. అంటే ఇంజిన్ మీద పెట్టగలిగింది 90 - 60 = 30 పాళ్లు. ఈ గీత పని మొదలుపెట్టక ముందే గోడ మీద రాసి పెట్టాను. తర్వాత రాసి ఉంటే అది 40 అయ్యేది, 50 కూడా అయ్యేది. నా సంగతి నాకు తెలుసు.

దశ 1: నిజంగా ఎంత ఆయిల్ తాగుతోంది?

"వారానికోసారి పోస్తున్నా" అనేది కొలత కాదు. చేసింది ఇది:

1. సమంగా ఉన్న నేల మీద, రాత్రంతా ఆగిన బండిలో డిప్ స్టిక్ చూసి సరిగ్గా పై గీత దాకా ఆయిల్ పోశాను.
2. బండి కింద అట్టముక్క పరిచాను. తెల్లారి చూస్తే రెండు చుక్కలు. కారడం కాదు, తాగడమే.
3. మి.లీ. గీతలున్న సీసాతో, పోసినప్పుడల్లా కిలోమీటర్లతో సహా రాసుకున్నాను.

మొదటి 400 కి.మీ.కి 450 మి.లీ., తర్వాతి 400కి 520, చివరి 200కి 300. వెయ్యి కిలోమీటర్లకు 1,270 మి.లీ.

తర్వాత పీసీవీ వాల్వు (ఇంజిన్ లోపల చేరే గాలిని బయటికి తీసేది) విప్పి ఊపాను. మంచిదైతే లోపల గలగలమనాలి, ఇది జిగురు పట్టి మూగబోయింది. అది మూసుకుపోతే క్రాంక్ కేసులో (ఇంజిన్ కింది గదిలో) గాలి ఒత్తిడి పెరిగి ఆయిల్‌ను పైకి తోస్తుంది. కొత్తది వేసి మరో 500 కి.మీ. తిప్పితే 560 మి.లీ. పట్టింది, అంటే వెయ్యికి 1,120. తగ్గింది, కానీ జబ్బు అది కాదు.

పొగ ఎప్పుడొస్తుందో కూడా రాసుకోండి. పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్క గుప్పెడు వచ్చి ఆగితే వాల్వు సీళ్లు (వాల్వు కాడ దగ్గర ఆయిల్‌ను ఆపేవి). యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వస్తే రింగులు (పిస్టన్ చుట్టూ ఉండి సందు మూసే వలయాలు), బోరు. దిగుడులో కాలు తీసి, మళ్లీ తొక్కగానే వస్తే వాల్వు గైడ్లు (వాల్వు కాడ కదిలే గొట్టాలు), సీళ్లు. నాకు మొదటిది కొంచెం, రెండోది బోలెడంత.

ఇప్పటికి: 3 గంటలు, 1.5 పాళ్లు.

దశ 2: కంప్రెషన్, రెండుసార్లు

కంప్రెషన్ అంటే పిస్టన్ పైకి వచ్చినప్పుడు సిలిండర్‌లో ఏర్పడే గాలి ఒత్తిడి. మొదటిసారి వచ్చిన అంకెలు చూసి నిద్ర పట్టలేదు. పీఎస్‌ఐలో (ఒత్తిడి కొలత) వరసగా 105, 100, 78, 98. మాన్యువల్‌లో కొత్త ఇంజిన్‌కు 185, సిలిండర్ల మధ్య తేడా 14 దాటకూడదు. ఈ లెక్కన బండి అసలు స్టార్టే కాకూడదు, కానీ రోజూ స్టార్ట్ అవుతోంది. తప్పు ఇంజిన్‌ది కాదు, నాది. చల్లటి ఇంజిన్ మీద, యాక్సిలరేటర్ తొక్కకుండా, సగం దిగిన బ్యాటరీతో, ఒక్క ప్లగ్గే విప్పి కొలిచాను. నాలుగు తప్పులూ అంకెను కిందికే లాగుతాయి.

రెండోసారి:

1. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక ఆపి, ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీశాను, కాయిల్స్ కనెక్టర్లు పీకాను.
2. నాలుగు ప్లగ్గులూ విప్పాను.
3. బ్యాటరీ ముందురోజు రాత్రే ఫుల్ చార్జ్.
4. ఇంకొకరిని కూర్చోబెట్టి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కించాను.
5. ఒక్కో సిలిండర్‌కూ 5 కంప్రెషన్ స్ట్రోకులు, అన్నిటికీ అంతే.

158, 152, 112, 150. ఇప్పుడు బొమ్మ కనిపించింది. మూడు సిలిండర్లు ముసలివి, 3వది జబ్బుది.

తర్వాత తడి పరీక్ష, అంటే ప్లగ్గు కన్నంలో కాస్త ఆయిల్ పోసి మళ్లీ కొలవడం. ఆయిల్ రింగుల చుట్టూ చేరి కాసేపు సందు మూస్తుంది. అంకె బాగా లేస్తే లీకు రింగులు, బోరు వైపు, లేవకపోతే వాల్వులు లేదా హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్ల మీది మూతైన హెడ్ కింద ఉండే పొర). ఇక్కడా ఒక తప్పు. మొదట 15 మి.లీ. పోశాను, అన్నీ 200కి ఎగిరాయి. ఈ ఇంజిన్‌లో పిస్టన్ పైకి వచ్చాక మిగిలే చోటే సుమారు 33 మి.లీ., అందులో సగం ఆయిల్‌తో నింపితే ఏ చచ్చిన సిలిండరైనా లేస్తుంది. దాన్ని ఊదేసి, మర్నాడు 5 మి.లీ.తో చేశాను:

1వది 158 నుంచి 172
2వది 152 నుంచి 167
3వది 112 నుంచి 149
4వది 150 నుంచి 164

ఆయిలే కొంత చోటు ఆక్రమిస్తుంది కాబట్టి అన్నిటిలోనూ ఓ 15 పెరగడం మామూలే. 3వది 37 పెరిగింది.

ఇప్పటికి: 7 గంటలు, 2.5 పాళ్లు.

దశ 3: గాలి ఎటు పోతోంది?

లీక్ డౌన్ పరీక్షలో పిస్టన్‌ను పైచివర ఆపి, ప్లగ్గు కన్నంలోంచి గాలి ఎక్కించి, ఎంత శాతం తప్పించుకుంటోందో చూస్తాం. అంకె కంటే చెవికి పని ఎక్కువ. సుయ్యిమనే చప్పుడు ఆయిల్ పోసే మూత దగ్గర వినిపిస్తే రింగులు, సైలెన్సర్‌లో అయితే ఎగ్జాస్ట్ వాల్వు, గాలి తీసుకునే వైపు అయితే ఇన్‌టేక్ వాల్వు. రేడియేటర్‌లో బుడగలొస్తే హెడ్ గ్యాస్కెట్.

ఒక హెచ్చరిక. 72 మి.మీ. పిస్టన్ మీద 100 పీఎస్‌ఐ గాలి అంటే దాదాపు 280 కిలోల తోపుడు. పిస్టన్ సరిగ్గా పైచివర లేకపోతే క్రాంక్ (పిస్టన్లు తిప్పే కింది ఇరుసు) గిర్రున తిరుగుతుంది. నేను క్రాంక్ బోల్టుకు పెట్టిన పానా తీయడం మరిచి గాలి వదిలాను. పానా తిరిగి రేడియేటర్ ఫ్యాన్ రెక్కను విరగ్గొట్టింది. అర సెకను ముందు నా చెయ్యి దాని మీదే ఉంది. పానా తీసి పక్కన పెట్టాకే గాలి. పైచివర దొరకడానికి ప్లగ్గు కన్నంలో పొడవాటి ప్లాస్టిక్ పుల్ల పెట్టి, అది లేచి దిగే మధ్య బిందువు పట్టుకోండి. ఇనుప స్క్రూడ్రైవర్ వద్దు, ఇరుక్కుంటే పిస్టన్‌కు గాయం.

14, 16, 38, 17 శాతం. 10 లోపు బాగున్నట్టు, 20 దాటితే ఆలోచించాలి. 3వ దానిలో ఆయిల్ మూత దగ్గర ఊళ వేసినంత చప్పుడు. 4వ దానిలో సైలెన్సర్ నుంచి సన్నగా ఊపిరి.

అదేరోజు ఆయిల్ ప్రెషర్ కూడా. సెన్సార్ విప్పి ఆ కన్నానికి ముల్లు గేజు బిగించాను. వేడి ఇంజిన్ 800 ఆర్పీఎం దగ్గర 14 పీఎస్‌ఐ, 2,000 దగ్గర 34, 3,000 దగ్గర 42. వెయ్యి ఆర్పీఎంకు 10 అన్న పాత మోటు లెక్కకు ఇది పాసే. అంటే కింది భాగం, క్రాంకూ బేరింగులూ, పరవాలేదు.

ఈ మంచి అంకే నన్ను ముంచింది. "కింద బాగుంది, పైనేగా, రింగులు వేసేస్తే సరి" అని మనసు ముందే తీర్పు రాసేసుకుంది.

ఇప్పటికి: 10 గంటలు, 4 పాళ్లు (ఫ్యాన్ రెక్క కలిపి). ఈ క్షణంలో అమ్మి ఉంటే చేతికి 60 - 4 = 56. ఈ అంకెను గుర్తుంచుకోండి.

దశ 4: హెడ్ దించడం

లేత్ షాపులో అంకెలు చూపించాను. బోరింగ్ పని చేసే పెద్దాయన కాగితం వంక చూసి, "అన్నీ బాగానే రాశావు. బోరు కొలవకుండా రింగులో బోరింగో నేనెలా చెప్పను?" అన్నారు. హెడ్ దించితేనే బోరు కొలవగలం. దించాను. మధ్యలో ఇంకో మెట్టు ఉందని అప్పుడు తట్టలేదు. దాని సంగతి చివర్లో.

1. కూలెంట్, ఆయిల్ దింపి, 1వ సిలిండర్‌ను పైచివర పెట్టి, టైమింగ్ గుర్తులకు పెయింట్ చుక్కలు పెట్టి ఫొటోలు తీశాను.
2. తీసిన ప్రతి కనెక్టర్‌కూ అంకె వేసిన టేపు.
3. హెడ్ బోల్టులు బయటి నుంచి లోపలికి, మూడు విడతలుగా వదులు చేశాను. ఒక్కసారే ఒకటి పూర్తిగా విప్పితే హెడ్ వంగుతుంది.

రెండు మానిఫోల్డ్ స్టడ్లు తుప్పు పట్టి తెగాయి. వాటికే రెండు గంటలు పోయాయి, చెప్పడానికి అంతకంటే ఏమీ లేదు.

హెడ్ మీద స్టీలు పట్టీ ఆనించి, ఫీలర్ గేజు (సందు కొలిచే పల్చటి రేకు) దూర్చి చూస్తే ఐమూలగా 0.08 మి.మీ. వంపు. పరిమితి 0.05. ఫేసింగ్ (కింది ముఖాన్ని చదును చేసే పని) కొట్టించాల్సిందే. హెడ్ తిరగేసి పోర్టుల్లో కిరోసిన్ పోస్తే 4వ ఎగ్జాస్ట్ వాల్వు చుట్టూ నిమిషంలో తడి చేరింది. లీక్ డౌన్ చెప్పింది నిజమే.

3వ సిలిండర్ గోడ మీద నిలువుగా ఒక గీత. వేలిగోరు తగిలి ఆగుతోంది. తక్కిన మూడింట్లో హోనింగ్ (బోరు గోడను సన్నగా గీసే చివరి పని) నాటి అడ్డగీతలు కింది భాగంలో ఇంకా కనిపిస్తున్నాయి, దీనిలో ఆ గీత వైపు అంతా అద్దంలా నున్నగా అరిగింది.

ఇప్పటికి: 19 గంటలు, 5 పాళ్లు.

దశ 5: బోరు, రింగు, బేరింగు కొలతలు

మొదట వెర్నియర్‌తో ప్రయత్నించాను. ఒకే చోట మూడుసార్లు కొలిస్తే మూడు అంకెలు, మధ్య తేడా 0.1 మి.మీ. మనం వెతికే అరుగుదలే అంత ఉంటుంది. వెర్నియర్ పక్కన పెట్టి డయల్ బోర్ గేజు అరువు తెచ్చుకుని, మైక్రోమీటర్‌లో 72.00కి జీరో చేశాను. చల్లటి ఇంజిన్, రింగు తిరిగే దూరంలోనే పైనా మధ్యా కిందా మూడు ఎత్తులు, ఒక్కో చోట క్రాంకుకు అడ్డంగా ఒకటి, దాని పొడవున ఒకటి.

1వ సిలిండర్ పైన అడ్డంగా 72.06, పొడవున 72.03, కింద 72.02. ఇది హాయిగా బతుకుతుంది.

3వ సిలిండర్ పైన అడ్డంగా 72.16, పొడవున 72.09, కింద రెండు వైపులా 72.02. అంటే పైకీ కిందికీ తేడా 0.14, కోడిగుడ్డు ఆకారం 0.07. పరిమితి 0.10.

"రింగులు మాత్రం" అన్న ఆశ ఇక్కడ చచ్చింది. ఎలాగో చూపిస్తాను. పాత రింగు ఒకటి బోరులో పెట్టి, పిస్టన్‌తో తోసి సమంగా నిలబెట్టి, చివరల మధ్య సందు కొలిచాను. కింద 0.59 మి.మీ., పైన 0.92. సగటు వ్యాసం 0.105 పెరిగితే చుట్టుకొలత 3.14 రెట్లు, అంటే 0.33 పెరుగుతుంది, లెక్క అతికినట్టు సరిపోయింది. కొత్త రింగు వేసినా పిస్టన్ పైకీ కిందికీ వెళ్లిన ప్రతిసారీ ఆ రింగు 0.33 మి.మీ. విచ్చుకుని ముడుచుకోవాలి, నిమిషానికి వేలసార్లు. కొన్నాళ్లు పొగ తగ్గుతుంది, తర్వాత అదే కథ. పైగా వేలిగోరుకు తగిలే గీతను ఏ రింగూ మూయదు.

బోరింగ్ అయినా 0.25 ఓవర్‌సైజ్ (అంత మి.మీ. పెద్ద) పిస్టన్లకు కుదరదు. 72.25కి కొడితే పాత కేంద్రం నుంచి ఒక్కో వైపు తీసేది 0.125 మాత్రమే. అరుగుదల రెండు వైపులా సమంగా ఉండదు, పిస్టన్ ఒరిగే వైపే ఎక్కువ. ఇక్కడ గీత కూడా అటువైపే. అది శుభ్రపడాలంటే 0.50కే పోవాలి, నాలుగు బోర్లూ కలిపి.

బేరింగుల కోసం సంప్ (కింది ఆయిల్ తొట్టి) దించి 3వ రాడ్ క్యాప్ (పిస్టన్ రాడ్డును క్రాంకుకు పట్టే బిగింపు) విప్పి ప్లాస్టిగేజ్ వేశాను. మైనపు దారంలాంటిది, క్యాప్ బిగిస్తే నలుగుతుంది, నలిగిన వెడల్పును బట్టి సందు తెలుస్తుంది. మొదటిసారి 0.03 వచ్చింది, సంబరపడ్డాను. బిగించేటప్పుడు క్రాంక్ కొంచెం కదిలిందని తర్వాత వెలిగింది. కదిలితే దారం పాముకుని వెడల్పవుతుంది, సందు తక్కువగా చూపిస్తుంది. మళ్లీ వేస్తే 0.06. కొత్తలో 0.02 నుంచి 0.05, పరిమితి 0.08. క్రాంక్ కొట్టించక్కర్లేదు, బేరింగు షెల్స్ మారిస్తే చాలు.

ఇప్పటికి: 25 గంటలు, 5.5 పాళ్లు.

దశ 6: కాగితం మీద మూడు దారులు

మొదటి దారి, పూర్తి ఇంజిన్ పని:

0.50 పిస్టన్లు, రింగులు: 14 (మొత్తం 14)
నాలుగు బోర్లు కొట్టి హోన్ చేయడం: 9 (23)
హెడ్ ఫేసింగ్, వాల్వులు, సీళ్లు: 7 (30)

ఇక్కడికే నేను మొదట్లో గోడ మీద రాసిన 30 పాళ్ల గీత తగిలింది. అయినా చివరిదాకా రాశాను.

గ్యాస్కెట్ సెట్టు, కొత్త హెడ్ బోల్టులు: 5 (35)
టైమింగ్ చైన్ కిట్: 5 (40)
బేరింగు షెల్స్: 4 (44)
ఇంజిన్ దించి ఎక్కించడం: 4 (48)
ఆయిల్ పంపు: 3 (51)
ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్: 3 (54)

విప్పాక బయటపడేవాటికి ఇంకో 8 కలిపితే 62. నా గీత 30.

రెండో దారి, రింగులూ గ్యాస్కెట్లతో సరిపెట్టడం. 25 పాళ్లలో అయిపోతుంది, గీత లోపలే. పైన చెప్పిన 0.33 లేకపోతే ఇదే చేసేవాణ్ని. ఇప్పుడు చేస్తే కొనేవాళ్లకు కొన్ని నెలల పొగలేనితనం అమ్మినట్టు అవుతుంది.

మూడో దారి, ఇంకో బండిలోంచి తీసిన ఇంజిన్. ఎక్కించే ఖర్చుతో 28. నేల మీదున్న ఇంజిన్‌కు కూడా స్టార్టర్ మోటారు, బ్యాటరీ తగిలించి కంప్రెషన్ చూడొచ్చు. అడిగాను, అమ్మేవాళ్లు ఒప్పుకోలేదు. కొలవనివ్వని ఇంజిన్ కోసం కొలిచిన ఇంజిన్‌ను వదులుకోవడం ఎందుకని ఆ ఆలోచన మానేశాను. ఇంజిన్ మారిస్తే బండి కాగితాల్లో ఇంజిన్ నంబరు గొడవ కూడా ఒకటి.

కాబట్టి అమ్మకం. అమ్మాల్సిన బండి హెడ్ బల్ల మీద ఉంది.

ఇప్పటికి: 27 గంటలు, 5.5 పాళ్లు.

దశ 7: అమ్మడానికే మళ్లీ బిగించడం

విప్పిన బండికి వచ్చిన బేరం 35 పాళ్లు. బిగించి నడిచేలా చేస్తే 55 రావచ్చు. బిగించడానికి ఫేసింగ్ 2, గ్యాస్కెట్, బోల్టులు, ఆయిల్, కూలెంట్ 6, మొత్తం 8. 55 - 8 = 47. పన్నెండు పాళ్ల కోసం ఇంకో పది గంటలు. చేశాను.

4వ ఎగ్జాస్ట్ వాల్వును గ్రైండింగ్ పేస్టుతో చేత్తోనే కూర్చోబెట్టాను. హెడ్ బోల్టు కన్నాల్లో చేరిన ఆయిల్, కూలెంట్ గుడ్డతో, గాలితో పూర్తిగా తీశాను. అవి లోపలుండగా బోల్టు బిగిస్తే పోయే దారి లేక బ్లాకునే చీలుస్తాయి. బిగింపు విప్పినదానికి తిరగేసి, మధ్య నుంచి బయటికి, టార్క్ రెంచితో విడతలుగా.

చైన్ ఎక్కించి, స్టార్టర్ ముట్టుకోకుండా చేత్తో క్రాంకును రెండు చుట్లు తిప్పాను. క్యామ్ గుర్తు ఒక పన్ను పక్కకు పోయింది. టెన్షనర్ (చైన్‌ను బిగువుగా ఉంచేది) పిన్ను లాగేటప్పుడు చైన్ జారింది. మళ్లీ విప్పి పెట్టడానికి రెండు గంటలు. ఈ పరీక్షలో చైన్ మీది రంగు లింకులు చూసి కంగారు పడొద్దు, అవి రెండు చుట్లకు తిరిగి ఎదురుపడవు. చక్రాల మీది గుర్తులు మాత్రం కలవాలి.

స్టార్ట్ అయింది. కంప్రెషన్ 160, 156, 114, 158. 4వది బాగుపడింది, 3వది ఎలా ఉందో అలాగే.

ఇప్పటికి: 37 గంటలు, 13.5 పాళ్లు.

దశ 8: అమ్మకం

అన్ని అంకెలూ ఒక కాగితం మీద రాసి, బండి చూడటానికి వచ్చిన ప్రతివాళ్లకూ ముందే ఇచ్చాను. ఇద్దరు అది చదివి అటునుంచి అటే వెళ్లిపోయారు. మూడో ఆయన సొంత వర్క్‌షాపున్న మెకానిక్. కాగితం మొత్తం చదివి, ఇంజిన్ మీద కొత్త సీలెంట్ గీత వేలితో తడిమి, "హెడ్ ఎందుకు దించారు సార్?" అన్నారు.

"3వ బోరు చూద్దామని."

ఆయన మాట్లాడకుండా 3వ ప్లగ్గు విప్పి, జేబులోంచి సన్నటి తీగ కెమెరా తీసి, ఫోన్‌కు తగిలించి కన్నంలోకి దించారు. పిస్టన్ కిందికి వచ్చేలా క్రాంకును పానాతో కొంచెం తిప్పారు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఫోన్ తెర మీద ఆ నిలువు గీత, దాని పక్కన ఆ అద్దం. బోరు ఎన్ని మి.మీ. అరిగిందో కెమెరా చెప్పదు. కానీ 38 శాతం లీకు పక్కన ఆ గీత కనిపిస్తే రింగులతో పోయే పని కాదని నాకు 10వ గంటలోనే తెలిసేది.

52 పాళ్లకు ఖాయమైంది. హెడ్ విప్పని బండి అయితే 60 ఇచ్చేవాణ్నని ఆయనే అన్నారు.

52 - 13.5 = 38.5. దశ 3 దగ్గర ఆగి ఉంటే 56.

బండి తాళాలతో పాటు కొలతల కాగితం కూడా అడిగి తీసుకున్నారు. 0.50 పిస్టన్లు వెతకాలట.